ఇప్పపువ్వు వాసన

ముందు ఫ్రిజ్ సంగతి చెప్పాలి. అది ఆగలేదు.

రెండేళ్ల కింద వానాకాలంలో మా పిల్లి చనిపోయింది. పక్కింటి కిరాణాకొట్టు ఆవిడ ఫ్రిజ్ ఆగిపోయిందనీ, అందులో పెట్టిన ఇన్సులిన్ చెడిపోయి పిల్లికి జబ్బు ముదిరిందనీ మా వీధిలో అందరూ అనుకున్నారు. నా భార్య మొన్న వేసవి దాకా అదే నమ్మింది. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. అది అబద్ధమని ఇప్పుడు రాస్తున్నాను.

సరిహద్దు ఊరు కొంటాలో శబరి ఒడ్డున నీటిమట్టం చూసి రాయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఏటి అంచు నుంచి గట్టు మీద దాకా మెట్లమెట్లుగా పాతిన స్తంభాలుంటాయి, వాటి మీద నలుపూ తెలుపూ గీతలు, అంకెలు. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి గట్టు దిగి నీళ్లు ఏ గీత మీద ఉన్నాయో చూసి రిజిస్టర్లో ఎక్కించాలి. వాన కొలిచే గొట్టంలో నీళ్లుంటే ఆ లెక్క, లేకపోతే 'నిల్' అని రాయాలి. వరద రోజుల్లో గంటగంటకూ దిగాలి.

ఈ పనిలో అందాజా అని ఒకటుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఎండాకాలంలో శబరి రోజుకు సెంటీమీటరో, అర సెంటీమీటరో తగ్గుతుంది. మే నెల ఎండలో గట్టు దిగకుండానే పొద్దుటి అంకె చూసి మధ్యాహ్నం అంకె రాసేయవచ్చు. సాయంత్రం దిగి చూస్తే ఏరు సరిగ్గా నేను రాసిన గీత మీదే ఉంటుంది. అలా ఉన్నప్పుడు తప్పు చేసినట్టు అనిపించదు. ఏరు నాకు తెలుసు అనిపిస్తుంది. వరదల్లో మాత్రం ఆ పని ఎప్పుడూ చేయలేదు. కిందివైపు ఊళ్లున్నాయి, ఆ అంకె మీద మనుషులు ఇళ్లు ఖాళీ చేస్తారు. ఇది నన్ను నేను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. వరదలో ఏటికి నిజం చెప్పినవాణ్ణి ఇంట్లో పిల్లికి ఎందుకు చెప్పలేదన్నది నాకు ఇప్పటికీ తెగలేదు, అందుకు చెబుతున్నాను.

పిల్లిని తెచ్చింది నా భార్య. ఆమె సుక్మా దారిలో ఒక ఆశ్రమ పాఠశాల హాస్టల్ చూసుకుంటుంది, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్తుంది. హాస్టల్ బియ్యం గదిలో ఎలుకల కోసం పెంచిన పిల్లి అది. పసుపు రంగు పోతు. పిల్లలు చేపముక్కలూ పాలన్నమూ పెట్టి దాన్ని దిండులా తయారు చేశారు. ఎలుకలు పక్కనుంచి పోయినా చూడడం మానేసింది. దాంతో నా భార్య ఒక ఆదివారం గోనెసంచిలో వేసుకొచ్చి, "ఇగ ఇది రిటైరయింది. నీకు తోడుంటది," అంది. దానికి పేరు పెట్టలేదు. పిల్లీ అంటే వచ్చేది.

వారంలో అయిదు రోజులు ఇంట్లో నేనూ అదీ. నేను రిజిస్టర్ రాసుకుంటుంటే కాగితం మీదికెక్కి పడుకునేది. ఏటికి బయల్దేరితే గట్టు మొదలు దాకా వచ్చి, నీళ్లంటే భయం కాబట్టి అక్కడే కూర్చునేది. పైకొచ్చాక ఇద్దరం కలిసి ఇంటికి పోయేవాళ్లం.

ఆ వేసవిలో అది బకెట్లో తలపెట్టి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తిండి రెండింతలైంది, ఒళ్లు సగమైంది. వెనక కాళ్లు మడమల మీద ఆనించి, ముసలాయన చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టు నడిచేది. భద్రాచలంలో కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. చెవి అంచు మీద సూదితో పొడిచి, మనుషులు వాడే షుగర్ మిషన్లోనే రక్తపు చుక్క పెట్టి చూసింది. నాలుగు వందల అరవై.

"భయపడకండి. కొన్ని పిల్లులు బాగా కుదుటపడతాయి. కానీ మీరే నర్సులు, మీరే ల్యాబ్," అందామె.

పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ ఇన్సులిన్. ఇచ్చే ముందు చెవి పొడిచి షుగర్ చూడాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకోసారి చూడాలి, ఎందుకంటే మందు పనిచేసి షుగర్ అన్నిటికంటే కిందికి దిగేది ఆ వేళకే. ఆ మధ్యాహ్నం అంకెను బట్టే మోతాదు పెంచడమో తగ్గించడమో చేస్తానంది. వారానికి రెండుసార్లు మూత్రంలో కీటోన్లు చూడాలి. ఒంట్లో చక్కెర ఉన్నా వాడుకోలేనప్పుడు శరీరం కొవ్వును కాల్చుకుంటుంది, దాని మసి లాంటివి కీటోన్లు అని మాకు అర్థమయ్యేలా చెప్పింది. కాగితపు స్ట్రిప్ మూత్రంలో ముంచితే రంగు మారకూడదు. గులాబీ అయితే ఫోన్ చేయాలి, ఊదా అయితే ఫోన్ కూడా చేయకుండా బయల్దేరాలి. "నోట్లోంచి పండు మురిగిన వాసన వచ్చినా అంతే," అంది. ఆ మాట నేను విన్నాను. తల కూడా ఊపాను.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. పక్కన కొట్టు పెట్టుకున్న ఆవిడ దొర్ల తెగ మనిషి. ఇంట్లో దొర్లి, కొట్లో తెలుగు, పోలీసులొస్తే హిందీ మాట్లాడుతుంది. ఆమెకు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది. అడగ్గానే పాలపాకెట్ల పక్కన చోటు చేసి, ఇన్సులిన్ సీసా పెట్టిన చిన్న స్టీలు డబ్బా అందులో పెట్టింది.

"మీ పిల్లి వీఐపీ అయింది గదన్నా. నా మొగుడు బతికున్నప్పుడు గూడ నేనింత టైముకు మందియ్యలే," అనేది, పొద్దునా సాయంత్రమూ డబ్బా తీసిస్తూ.

మూత్రం పట్టడం పెద్ద తంటా అయింది. అది ఇసుక తవ్వుకుని కూర్చుంటే చుక్క దొరకదు. కర్రకు గంటె కట్టి, అది కూర్చోగానే వెనకనుంచి మెల్లగా తోసేవాణ్ణి. కొట్టు ఆవిడ గోడ మీదుగా చూసి నవ్వేది. "ఏంది అన్నా, ఏట్ల నీళ్లు సాలలేదా, పిల్లి ఉచ్చ గూడ కొలుస్తన్నవ్."

నోటుపుస్తకం నేనే గీసుకున్నాను, మా రిజిస్టర్ లెక్కనే. టైము, షుగర్, మందు, కీటోన్, రిమార్కు. మొదటి నెల ఒక్క అంకె తప్పలేదు. పూటకు రెండు యూనిట్ల మందు మీద పొద్దున మూడు వందల చిల్లర, మధ్యాహ్నం రెండు వందలకు అటూ ఇటూ. కీటోన్ గడిలో నిల్. ప్రతి శనివారం పేజీని ఫొటో తీసి డాక్టరమ్మకు పంపేవాణ్ణి. "ఇంత శుభ్రంగా రాసే ఇంటివాళ్లను నేను చూడలేదు. మీ అంకెలుంటే నాకు పిల్లి కళ్లముందున్నట్టే," అని ఆమె ఒకసారి ఫోన్లో అంది. ఆ మాట నా భార్యకు రెండుసార్లు చెప్పాను.

జూలైలో వానలు దిగాయి. శబరి పెరిగింది, కింద గోదావరి కూడా పెరిగి దాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. గంటగంటకూ గట్టు దిగాలి. ఒక సోమవారం ఒంటిగంటకు నేను గొడుగు కింద, మోకాళ్ల దాకా బురదలో, స్తంభం మీద అంకె కోసం చూస్తున్నాను. ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. పిల్లి మంచం కింద ఉంది. నన్ను చూసి ఇంకా లోపలికి జరిగింది. చెవులు రెండూ పొడిచి పొడిచి పుండ్లయ్యాయి. అంతకుముందు కాగితాల మీద పడుకున్న పిల్లి, ఆ నెలలో నా చేతిలో మిషన్ కనిపిస్తే పారిపోయేది. అది నాకు కష్టంగా ఉండేది. మంచం కింద చెయ్యి పెట్టాను, గీరింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ముందురోజు మధ్యాహ్నం అంకె నూట ఎనభై. గడిలో నూట డెబ్బై అని రాశాను.

మంగళవారం నూట యాభై ఎనిమిది. బుధవారం నూట నలభై. గురువారం నూట ఇరవై ఆరు, శుక్రవారం నూట నాలుగు, శనివారం ఎనభై ఎనిమిది. వీటిలో ఒక్కటి కూడా మిషన్ చూపించలేదు. వేసవిలో ఏరు తగ్గే పద్ధతిలో తగ్గించుకుంటూ పోయాను. మందు పనిచేస్తోంది కాబట్టి అది తగ్గుతూనే ఉంటుంది అనుకున్నాను. అలా చూస్తే పేజీ చాలా అందంగా ఉంది.

ఆ శనివారం నా భార్య రాలేదు. హాస్టల్లో పిల్లలకు జ్వరాలు. నేను ఫొటో పంపాను. పది నిమిషాల్లో డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఎనభై ఎనిమిది నిజంగా వచ్చిందా అండీ?"

"వచ్చింది మేడం."

"మంచిదే, కానీ ఇంకా కిందికి పోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు. రేపట్నుంచి ఒక యూనిట్ చేయండి. పొద్దునా సాయంత్రమూ తప్పకుండా చూసి రాయండి."

ఆ ఫోన్ నా చేతిలో ఉన్నంతసేపూ నిజం చెప్పడానికి వీలుంది. మధ్యాహ్నం అంకెలు నేను చూసినవి కావు మేడం అంటే చాలు. కోప్పడి ఉండేదేమో. "సరే మేడం" అన్నాను. మోతాదు తగ్గించమన్నది డాక్టరు కదా, ఆమెకు తెలియదా అని కూడా అనుకున్నాను. ఆమెకు తెలిసినదంతా నేను రాసిందేనని నాకు తెలుసు. అయినా అలా అనుకున్నాను.

ఆదివారం నుంచి ఒక యూనిట్. సోమవారం పొద్దున ఎలాగో పట్టుకుని పొడిచాను. నాలుగు వందల పది. అది నిజమైన అంకె. గడిలో రాస్తే, రెండు రోజుల కింది ఎనభై ఎనిమిది పక్కన అది ఎలా కనబడుతుందో చూశాను. రెండు వందల నలభై అని రాశాను. ఆ తర్వాత మిషన్ తీయలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడూ అందాజానే. కీటోన్ గడిలో, స్ట్రిప్ సీసా మూత తీయకుండా, నిల్ అని రాశాను. వాన గొట్టం చూడకుండా కూడా నేనెప్పుడూ నిల్ రాయలేదు.

మంగళవారం ఇంట్లో వాసన మొదలైంది.

మా వైపు మనుషులకు అది కొత్త వాసన కాదు. సారా కోసం ఇప్పపువ్వు నానబెట్టిన ఇంటి పక్క ఉంటే తెలుస్తుంది, తియ్యగా, కొంచెం పులిసినట్టు, ముక్కులో పట్టుకుని వదలని వాసన. కొట్టు ఆవిడ ఎండిన ఇప్పపువ్వు నిల్వ పెట్టుకుని, చుట్టాలొచ్చినప్పుడూ పండగలకూ పెరట్లో కుండలో నానేసేది. ఇరవై ఏళ్లుగా గోడ మీదుగా ఆ వాసన వస్తూనే ఉంది. మళ్లీ నానేసింది అనుకున్నాను. బుధవారం ఇంకా ఎక్కువైంది. పిల్లి చేపముక్క వాసన చూసి తల తిప్పుకుంది. వాన ముసురుకు మనకే తినబుద్ధి కాదు, దానికేం అనుకున్నాను. గురువారం రెండుసార్లు పసుపుపచ్చగా కక్కింది. ఆ రోజు కూడా కీటోన్ గడిలో నిల్ రాశాను. రిమార్కులో 'ఆకలి తక్కువ' అని రాశాను.

శుక్రవారం పొద్దున ఇన్సులిన్ డబ్బా కోసం కొట్టుకు వెళ్లి, మాటవరసకు అన్నాను. "ఏంది, నాలుగు రోజులాయె, కుండ దించుతలేవు. ఇల్లంత వాసనొస్తంది."

ఆవిడ పాలపాకెట్లు సర్దుతోంది. "ఏం కుండ అన్నా?"

"ఇప్పపువ్వు."

"ఎక్కడిది ఇప్పపువ్వు. నా పువ్వు అయిపోయి నెల దాటింది. మా చెల్లెలి పెళ్లికి మొత్తం పంపిన. కుండ బోర్లేసి ఉంది, సూడు పో."

పెరట్లో కుండ బోర్లించి ఉంది. దాని మీద వాననీళ్లు నిలిచి ఉన్నాయి.

నేను ఇంట్లోకి పరిగెత్తాను. పిల్లి నీళ్ల బకెట్ పక్కన, గడ్డం బకెట్ అంచుకు ఆనించి పడి ఉంది. వంగి దాని నోటి దగ్గర ముక్కు పెట్టాను. వాసన అక్కడిది. మూడు రోజులుగా అది నా పక్కనే ఊపిరి తీస్తోంది, నేను గోడ అవతలి మనిషిని తిట్టుకుంటున్నాను.

కింద సిమెంటు నేల మీద మూత్రం మడుగు కట్టి ఉంది. లేచి పక్కకు పోలేక అక్కడే పోసుకుంది. గంటె అక్కర్లేదు. స్ట్రిప్ ముంచాను. పదిహేను లెక్కపెట్టమంది డాక్టరమ్మ. అయిదుకే రంగు తిరిగింది, పదికి నేరేడుపండు రంగు. చెవి పొడిచాను, అది కదల్లేదు, గీరలేదు. మిషన్ మీద అంకె రాలేదు. కొలవగలిగిన దానికంటే ఎక్కువైతే ఇంగ్లీషులో రెండక్షరాలు పడతాయి, అవి పడ్డాయి. పెద్ద వరదలో పై స్తంభం కూడా మునిగితే అంతే, రాయడానికి గీత ఉండదు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. చింతూరు వైపు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి, భద్రాచలం దారి తెల్లవారుజామునే ఆగిపోయింది. సుక్మా తీసుకుపొండి, అక్కడి పశువుల డాక్టరుతో నేను మాట్లాడతాను, సెలైన్ పెట్టాలి, ఆలస్యం చేయొద్దు అంది. తర్వాత అడిగింది.

"శనివారం ఎనభై ఎనిమిది ఉంది. ఆరు రోజుల్లో ఇంత ఎలా అయింది? మందు ఎక్కడ పెడుతున్నారు?"

"పక్కింట్లో ఫ్రిజ్‌లో, మేడం."

"కరెంటు పోతోందా అక్కడ? మందు వేడెక్కిందేమో."

ఆమె నన్ను కాపాడాలని అడగలేదు. కారణం వెతుకుతోంది. నేను ఆ కారణాన్ని పట్టుకున్నాను. "పోతోంది మేడం. రెండు రోజులు ఫ్రిజ్ ఆగిందనుకుంటా," అన్నాను. అంటున్నప్పుడు నా కుడిచేతిలో ఆవిడ ఇచ్చిన డబ్బా ఉంది. చల్లగా ఉంది.

ఏటి పని సాటి ఉద్యోగికి అప్పజెప్పి, కోళ్లగంపలో తువ్వాలు పరిచి పిల్లిని పెట్టుకుని బస్సెక్కాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సాపి తనిఖీ చేశారు. జవాను గంప చూసి హిందీలో అడిగాడు, కోడేనా అని. పిల్లి అన్నాను, షుగర్ జబ్బు అన్నాను. అతను నవ్వాడు. "పిల్లికి షుగరా? ఎన్ని లడ్డూలు పెట్టావు దానికి?" బస్సులో వాళ్లూ నవ్వారు. తర్వాత వంగి లోపలికి చూశాడు. నవ్వు ఆపి, "తొందరగా పోనీ," అని డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు.

బయల్దేరే ముందే ఫోన్ చేసి, ఫ్రిజ్ ఆగి మందు చెడిపోయిందని నా భార్యకూ చెప్పాను. ఆమె హాస్టల్ ఊరి దగ్గర ఎక్కింది. గంప తన ఒళ్లోకి తీసుకుని, ముఖం దగ్గరగా పెట్టింది.

"ఏందీ వాసన?"

"కీటోన్లంట."

"ఎప్పట్నుంచి వస్తంది?"

"ఇయ్యాల పొద్దున్నుంచి."

ఆమె నీళ్ల సీసా తీసింది. దారంతా వేలు తడిపి దాని పెదాల మీద అద్దుతూ కూర్చుంది.

సుక్మాలో డాక్టరు పాతికేళ్లు దాటిన కుర్రవాడు. మేకలూ ఆవులే అతని పని. అయినా పిల్లి కాలికి చిన్న సూది ఎక్కించి సెలైన్ పెట్టాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి భద్రాచలం డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాడు. నా నోటుపుస్తకం అతని చేతిలో ఉంది. అంకెలు ఒక్కొక్కటే ఆమెకు చదివి వినిపించాడు. నూట డెబ్బై, నూట యాభై ఎనిమిది, నూట నలభై.

"జాగ్రత్త డాక్టర్, ఇది రెండు యూనిట్లకే ఎనభై ఎనిమిదికి పడిపోయిన పిల్లి," అంది ఆమె. "కొత్త మందు చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా పడిపోతే చేతికి దొరకదు."

నేను అక్కడే, బల్లకు అవతల నిలబడి ఉన్నాను. నా భార్య ఇవతల, పిల్లి తల పట్టుకుని ఉంది. ఆ అంకెలు అబద్ధం అనడానికి మూడు మాటలు చాలు. ఆ ఇద్దరు డాక్టర్లకూ నా భార్యకూ తెలియని సంగతి, పిల్లికి కావలసిన సంగతి, నా ఒక్కడి దగ్గర ఉంది. డాక్టరు తక్కువ మోతాదు ఎక్కించాడు. నేను చూశాను.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగర్ అయిదు వందల పైనే నిలబడింది. అతను గంటగంటకూ చూశాడు, ఒక్కటి కూడా వదల్లేదు. నేను లెక్కపెట్టాను.

శనివారం పొద్దున ఆస్పత్రి ఆవరణలో బోరింగు దగ్గర అతను ముఖం కడుక్కుంటుంటే వెళ్లి చెప్పాను. హిందీలో చెప్పాను, ఆ భాషలో నాకు సిగ్గు కొంచెం తక్కువ. పదకొండు రోజుల అంకెలు నేను కల్పించినవి, ఎనభై ఎనిమిది ఎన్నడూ లేదు, మందు చెడిపోలేదు, మోతాదు చాల్లేదు అన్నాను. మా ఆవిడకు చెప్పొద్దని కూడా అన్నాను.

అతను తువ్వాలు ముఖం మీంచి దించాడు. "నిన్న ఎందుకు చెప్పలేదు, అంకుల్?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. లోపలికి నడుస్తూనే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

మోతాదు మార్చారు. తొమ్మిదింటికి నాలుగు వందల ఎనభై, పదకొండింటికి నాలుగు వందల ముప్పై, ఒంటిగంటకు మూడు వందల డెబ్బై. ఒక్కో అంకె వచ్చినప్పుడల్లా నా భార్య నా వైపు చూసేది. ఒంటిగంటకు పిల్లి తల ఎత్తింది. పిల్లీ అన్నాను. చెవి ఇటు తిరిగింది, పుండుపడిన చెవి. స్ట్రిప్ మాత్రం ఊదాగానే ఉంది. మూడింటికి ఊపిరి పెద్దగా, లోతుగా తీయడం మొదలుపెట్టింది, తర్వాత ఊపిరి ఆగింది. సెలైన్ సీసాలో బొట్టు ఇంకా పడుతూనే ఉంది. డాక్టరు బొటనవేలితో గొట్టం మూశాడు.

"తీసుకురావడం ఆలస్యమైంది," అని మాత్రం ఆమెతో చెప్పాడు. నా మాట నిలబెట్టాడు. అలా నిలబెట్టమని అడిగినందుకు సిగ్గుపడుతున్నాను.

అదే గంపలో తెచ్చాం. కొంటాలో దిగగానే నా భార్య ఇంటికి పోలేదు. గంపతో కొట్టు ముందుకు పోయింది. ఆవిడ లేచి నిలబడింది.

"నీ ఫ్రిజ్ ఆగితే ఒక్క మాట చెప్పకూడదా? నోరు లేని జీవం. చూడు, ఇగో చూడు," అంది నా భార్య, తువ్వాలు తీసి.

ఆవిడ పిల్లిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గట్టు వైపు చూశాను. "నా ఫ్రిజ్..." అని మొదలుపెట్టి ఆపేసింది. మా వీధిలో నలుగురు నిలబడి ఉన్నారు. ఆ తర్వాత రెండేళ్లు మా ఇంటి సరుకులు బస్టాండ్ దగ్గర కొట్టు నుంచి వచ్చాయి. గోడ మీదుగా ఆవిడ మాట మళ్లీ వినబడలేదు.

మొన్న వేసవిలో మా గట్టు మీద నీటిమట్టం తనంతట తానే కొలిచే యంత్రం పెట్టారు. పై ఆఫీసరు వచ్చి, దాని అంకెలూ నా రిజిస్టర్ అంకెలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సెంటీమీటరు తేడా లేదు. "ఇంత శుభ్రమైన రిజిస్టర్ నేను చూడలేదు," అని నా భుజం తట్టాడు. ఆ పేజీలో సగం మధ్యాహ్నాలు నేను గట్టు దిగలేదు. ఆ మాట అతనికి అక్కడే చెప్పాను. అతను ఏం రాసుకున్నాడో, ఏం చేస్తాడో తెలియదు. నాకు ఆ క్షణంలో కనబడింది ఆఫీసరు కాదు. డాక్టరమ్మ గొంతు వినబడింది, పిల్లి కళ్లముందున్నట్టే అన్న మాట.

ఆ శనివారం నా భార్య రాగానే నోటుపుస్తకం ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆమె పేజీ మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. ఏడవలేదు. పుస్తకం మూసి ఒకటే అడిగింది.

"వాసన నిజంగ ఎప్పట్నుంచి వచ్చింది?"

"మంగళవారం నుంచి."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మంగళ, బుధ, గురు. మూడో వేలు దగ్గర చెయ్యి మూసేసింది.

"ఆమెకు నువ్వే చెప్పాలె. నేను అన్న మాటకు నేను పోత. ముందు నువ్వు పో," అంది.

వెళ్లాను. కొట్లో ఎవరూ లేని వేళ చూసుకుని కాదు, ముగ్గురున్నప్పుడే వెళ్లాను. ఫ్రిజ్ ఆగలేదు, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ బెల్లం తూస్తోంది. తూకం పూర్తి చేసి, పొట్లం కట్టి ఇచ్చి, అప్పుడు మాట్లాడింది.

"నాకు తెల్సు అన్నా. ఫ్రిజ్ ఆగితే ముందు నా పాలు విరగాలె గద. ఆ వారం ఒక్క పాకెట్ విరగలే."

"మరి ఆ రోజే అనకపోయినవా?"

"అక్క సచ్చిన పిల్లిని పట్టుకుని నిలబడ్డది. నీ మొగుడు అబద్ధమాడిండని అప్పుడే చెప్పాల్నా?" తక్కెడ పక్కకు జరిపింది. "నువ్వు చెప్తవనుకున్న. మర్నాడు చెప్తవనుకున్న. తర్వాత అనుకునుడు మానేసిన."

క్షమించానని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు.

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. రిజిస్టర్లో తప్పు పడితే చెరపకూడదు, రుద్దకూడదు. తప్పు అంకె కనబడేలా దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన సంతకం పెట్టాలి. ఆ రోజు ఇంటికొచ్చి పిల్లి నోటుపుస్తకం తెరిచాను. సోమవారం నూట డెబ్బై నుంచి ఆ వచ్చే గురువారం దాకా, చూడకుండా రాసిన ఒక్కో అంకె మీదా, కీటోన్ గడిలో ఒక్కో నిల్ మీదా ఎర్రసిరాతో గీత కొట్టాను. రెండు వందల నలభై పైన నాలుగు వందల పది అని రాశాను. గీత కొట్టినవాటిలో నాకు తెలిసిన నిజమైన అంకె అది ఒక్కటే.

మిగిలినవాటి పైన రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ మధ్యాహ్నాలు పిల్లి ఒంట్లో ఎంత ఉందో ఎవరూ చూడలేదు. ఖాళీగా వదిలేసి, పక్కన సంతకం పెట్టాను.